వినడానికి రేటు లేదు

ఇంటావిడకి భర్త మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. ఆయన తప్పు చెయ్యరు.

తాగరు, తిట్టరు, జీతం అణా పైసలతో సహా తెచ్చి చేతిలో పెడతారు. వాటితో ఎలాగో సర్దుకుపోవచ్చు. కానీ పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళలో ఒక్కసారంటే ఒక్కసారి కూడా పొరపాటు పడని మనిషితో కాపురం ఎంత కష్టమో చేసినవాళ్ళకే తెలుస్తుంది. పెళ్ళయిన కొత్తలో ఓసారి ఆవిణ్ణి వేరే ఊరికి పోయే రైలెక్కించారు. నాలుగు స్టేషన్లు దాటాక, రైలే తప్పు ప్లాట్‌ఫారం మీదికి వచ్చిందని కనిపెట్టింది కూడా ఆయనే. మొన్నటికి మొన్న పంచదార అనుకుని టీలో రెండు చెంచాల ఉప్పు వేసుకున్నారు. ఒక గుక్క తాగి, కప్పు కింద పెట్టి, “ఈ డబ్బాలో ఉప్పు ఉంచడం అశాస్త్రీయం,” అన్నారు. డబ్బా మీద ‘ఉప్పు’ అని పెద్ద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. అక్షరాలు ఆవిడవే కాబట్టి ఆయన వాటిని లెక్కలోకి తీసుకోలేదు.

అంతటివారు కాబట్టే ప్రభుత్వం దృష్టిలో పడ్డారు.

ఆ రోజు పేపర్లో మొదటి పేజీలో గృహ వసతుల మంత్రిగారి చారిత్రక ప్రకటన వచ్చింది. ఇకమీదట ఏ ప్లంబరూ, ఏ ఎలక్ట్రీషియనూ, ఏ వడ్రంగీ నోటికొచ్చిన ధర చెప్పడానికి వీల్లేదు. ప్రతి మరమ్మతుకీ ఒక గంట రేటు. ప్రతి గంటకీ న్యాయం. ముప్పై రోజుల్లో తేల్చి ప్రజల చేతిలో పెడతారు. తేల్చడానికి ‘న్యాయమైన గంట రేటు నిర్ధారణ ఉన్నతస్థాయి సంఘం’ ఏర్పాటైంది. అధ్యక్షులు ఇంటాయన.

ఈ ఆలోచన మంత్రిగారికి స్నానాల గదిలో వచ్చిందని లోపలి పేజీలో రాశారు. అబద్ధం కాదు. ఆయన స్నానాల గదిలో పైపు కారుతుంటే ఒక ప్లంబరు వచ్చి, ఐదు నిమిషాల్లో ఆపేసి, ఐదు వందలు అడిగాడు. మంత్రిగారు అక్కడికక్కడే లెక్క కట్టారు. గంటకి ఆరు వేలు! “అధికారికంగా నాకు కూడా అంత రాదు,” అని ఆయన వాపోయినట్టు తెలిసింది.

“అధ్యక్షుడంటే ఏం చెయ్యాలిరా?” అని అడిగారు అత్తగారు.

“న్యాయం నిర్ణయించాలమ్మా.”

“దానికి ముందు నువ్వు సుత్తి పట్టుకోవాలేమో కదా? చిన్నప్పుడు మేకు కొట్టమంటే బొటనవేలు కొట్టుకున్నావు.”

“ఆ మేకు వంకరది,” అన్నారు అధ్యక్షులవారు.

సరిగ్గా ఆ వారమే వంటింటి కొళాయిలో ధార సన్నబడింది. సింకు కింద గోడ చెమ్మగిల్లింది. పైనున్న ట్యాంకు నుంచి వంటింటికి వచ్చే పైపు గోడల్లోంచి ఇల్లంతా తిరిగి వస్తుంది. అది ఎక్కడ కారుతోందో ఎవరికి తెలుసు?

“చెవుల మేస్త్రికి తెలుసు,” అంది పక్కింటావిడ.

చెవుల మేస్త్రి వచ్చాడు. సన్నటి మనిషి. చేతిసంచిలో రెండు పానాలు, ఒక ఉలి, సొట్టలు పడ్డ ఒక స్టీలు గ్లాసు. “అమ్మగారూ, మీరు పెరట్లోకెళ్ళి వంటింటి వాల్వు పూర్తిగా తిప్పి, అక్కడే ఉండండి. నేను కేకేస్తాను,” అని ఇంటావిణ్ణి పంపేశాడు. తరవాత గ్లాసుని గోడకి బోర్లించి, దాని అడుక్కి చెవి ఆనించి, కళ్ళు మూసుకున్నాడు.

“ఇక్కడ కాదు.”

జానెడు పక్కకి జరిగాడు.

“ఇక్కడా కాదు.”

అధ్యక్షులవారు వెనకాలే నడుస్తున్నారు. ఆయన చేతిలో ఆఫీసు నుంచి తెచ్చిన స్టాప్‌వాచి ఉంది. చూపు దాని ముల్లు మీదే ఉంది. ముల్లు మీద అంత ఏకాగ్రత ఉన్నవారికి గోడలు కనబడవు. మేస్త్రి వంటింట్లోంచి వసారాలోకి, వసారాలోంచి పడగ్గదిలోకి, అక్కణ్ణించి హాల్లోకి ‘ఇక్కడ కాదు, ఇక్కడ కాదు’ అనుకుంటూ వెళ్ళాడు. చివరికి, “దొరికిందండీ,” అన్నాడు.

అధ్యక్షులవారు తలెత్తి చూసేసరికి మేస్త్రి హాలు నడిమధ్య నిలబడి తువ్వాలుతో గ్లాసు తుడుచుకుంటున్నాడు.

“పదకొండు నిమిషాలు. ఇంకా పని మొదలుపెట్టనేలేదు!”

“అయిపోవచ్చిందండీ.”

“ఎలా అయిపోవచ్చింది? పానా బయటికే తియ్యలేదు.”

“వినడమేనండీ పని. తర్వాత తిప్పడం ఎంతసేపు?”

పెరట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డ ఇంటావిడకి అప్పుడు వినబడింది, ముప్పై రోజుల చరిత్రని మలుపు తిప్పిన మాట.

“వినడం పనెలా అవుతుందయ్యా? నేను ఆఫీసులో రోజంతా వింటూనే ఉంటాను.”

ఆయనకి జీతం ఇచ్చేది అందుకేనని ఆవిడ అనుకుంది.

“ఎంత తీసుకుంటావు?”

“ఐదు వందలండీ.”

అధ్యక్షులవారు నవ్వారు. మంత్రిగారి స్నానాల గదిలోకి వెళ్ళింది ఎవరో ఆయనకి అర్థమైపోయింది. “చూడు మేస్త్రీ. తిప్పినంతసేపటికి గంట రేటు ప్రకారం ఇస్తాను. రేటు తేలాక. విన్నది మాత్రం ఉచితం.”

మేస్త్రికి కోపం రాలేదు. గ్లాసు సంచిలో పెట్టుకున్నాడు. “అయితే విన్నది నాతో తీసుకుపోతానండీ. ఉచితంగా ఇస్తే పుచ్చుకోడానికి మీకే బాగోదు. రేటు తేలాక కబురు పెట్టండి.”

పోతూ పోతూ పెరట్లో వంటింటి వాల్వు కట్టేశాడు. “గోడ నానకుండా ఉంటుందమ్మగారూ. కొన్నాళ్ళు ఓపిక పట్టండి.”

ఆ లీకు ఎక్కడుందో తెలిసిన ఒకే ఒక్క మనిషి అలా గేటు దాటి వెళ్ళిపోయాడు.

“ఏమండీ, నా దగ్గరున్న ఐదు వందలు నేనే ఇచ్చేస్తాను. పిలవండి,” అంది ఇంటావిడ.

“అధ్యక్షుడి ఇంట్లోనే రేటు తేలకుండా పని చేయిస్తే రేపు పేపర్లో పడదా? ముప్పై రోజులేగా!”

ఆవిడ స్నానాల గదిలోంచి వంటింట్లోకి నీళ్ళు మొయ్యడం మొదలుపెట్టింది. రోజుకి పద్దెనిమిది బకెట్లు. మధ్యలో ఓసారి, “మరి దీనికి గంటకెంత?” అని అడిగింది.

“అది మరమ్మతు కిందికి రాదోయ్. రవాణా కిందికి వస్తుంది. వేరే శాఖ.”

సంఘం సమావేశాలు ఆఫీసులో కాకుండా ఇంటి హాల్లోనే జరిగాయి. ఆఫీసు సమావేశ మందిరంలో ఫ్యాన్లు ఆగిపోయాయి. బాగు చేయించాలంటే ఎలక్ట్రీషియన్ని పిలవాలి. గంట రేటు తేలేదాకా ఎవర్నీ పిలవకూడదని సర్క్యులరుంది. దాని మీద సంతకం అధ్యక్షులవారిదే.

సభ్యులు ఇద్దరు. ఒకరు రిటైరైన అర్థశాస్త్రం ప్రొఫెసరుగారు. కష్టం విలువ మీద నలభై ఏళ్ళు పాఠాలు చెప్పి ఏమాత్రం అలసిపోని మనిషి. రెండోవారు పనివాళ్ళ ప్రతినిధి. నిజానికి ఆయన కాంట్రాక్టరు. పనివాళ్ళంటే ఆయనకి ఎంత అభిమానమంటే, వాళ్ళ కూలీలో సగం ఎప్పుడూ తన దగ్గరే భద్రంగా ఉంచుకుంటారు.

మొదటి ఎనిమిది సమావేశాలూ ‘పని’ అంటే ఏమిటన్న దాని మీదే గడిచాయి. ఇంటావిడ టీలు అందిస్తూ ఎనిమిదీ విన్నది.

“పనివాడు ఇంట్లో అడుగు పెట్టినప్పట్నుంచీ లెక్క కడదామా?” అన్నారు ప్రొఫెసరుగారు.

“అడుగు పెట్టి నిలబడితే?” అన్నారు అధ్యక్షులవారు.

“నిలబడి ఆలోచిస్తే?”

“ఆలోచించడం మన పని. వాళ్ళది కాదు.”

చివరికి తొమ్మిదో సమావేశంలో సంఘం ఏకగ్రీవంగా ఒక నిర్వచనానికి వచ్చింది. ‘పనిముట్టు చేతిలో ఉన్న కాలమే పనికాలం.’ ఎంత సులువు! ఎంత సూక్ష్మం! ఎవరైనా దూరం నుంచి చూసి కొలవచ్చు. అధ్యక్షులవారు ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివించుకున్నారు.

“మరి గ్లాసండీ?” అంది ఇంటావిడ ట్రే పట్టుకుని.

ముగ్గురూ తలెత్తారు.

“చెవుల మేస్త్రి పనిముట్టు గ్లాసు కదా. అది చేతిలో ఉంటే పనేనా?”

ప్రొఫెసరుగారు తన దగ్గరున్న లావుపాటి పుస్తకం తిరగేశారు. “గ్లాసు వంటసామాను జాబితాలో ఉందమ్మా. పనిముట్టు కాదు.” తరవాత మర్యాద కోసం, “టీ అద్భుతంగా ఉంది. నీళ్ళ మహిమేమో,” అన్నారు.

“అవునండీ. చాలా దూరం నుంచి తెస్తున్నాను,” అంది ఆవిడ. స్నానాల గది అటు చివర ఉంది.

రేటు తాత్కాలికంగా గంటకి రెండు వందలని తేల్చారు. దాన్ని ఒక ఇంట్లో పరీక్షించి చూడాలి. పాడైన కొళాయి ఎక్కడుందా అని సంఘం ఊరంతా ఆలోచించింది. కాంట్రాక్టరుగారు వంటింటి వైపు చూశారు.

మర్నాడు ఆయన తరపున ప్రభుత్వ గుర్తింపు పొందిన ప్లంబరు వచ్చాడు. నిర్వచనం అతనికి ముందే అందింది. ఇంటి దగ్గరే పానా చేతిలోకి తీసుకుని, సైకిల్ని ఒంటి చేత్తో తొక్కుకుంటూ వచ్చాడు. కుడి చేత్తో టీ తాగాడు, ఎడమ చేతిలో పానా ఉంది. కుడి చేత్తో బీడీ కాల్చాడు, ఎడమ చేతిలో పానా ఉంది. మధ్యాహ్నం వసారాలో తుండు పరుచుకుని పడుకున్నాడు, పానా గుండెల మీద రెండు చేతుల్లో ఉంది. ప్రొఫెసరుగారు కుర్చీ వేసుకుని కూర్చుని అంతా రాసుకున్నారు.

“నిద్ర కూడానా?” అని గుసగుసగా అడిగింది ఇంటావిడ.

“నిర్వచనంలో మెలకువ గురించి లేదమ్మా.”

మధ్యమధ్యలో అతను పెరట్లో వాల్వు తిప్పి వచ్చి గోడ కూడా పగలగొట్టాడు. ఎక్కడ చెమ్మ ఉంటే అక్కడ కొట్టడం అతని పద్ధతి. మొదటి రోజు సింకు కింద మూడు పలకలు. రెండో రోజు సింకు. మూడో రోజు గిన్నెల అలమారు వెనక. నాలుగో రోజుకి వంటింటికీ వసారాకీ మధ్య గోడ నడుం దాకానే మిగిలింది. పైపు మాత్రం ఒక్క గాటు పడకుండా, చుక్క కారకుండా, నిగనిగలాడుతూ బయటపడింది. లీకు దొరకలేదు.

“ఒరే అబ్బాయ్, గోడ పోయిందిరా,” అన్నారు అత్తగారు.

“వెలుతురు పెరిగిందమ్మా.”

మొత్తం ముప్పై ఒక్క గంటలు. పనిముట్టుతో చేతికున్న సంబంధం నూటికి తొంభై ఆరు. ఇంతటి కార్యదీక్ష తన జీవితంలో చూడలేదని ప్రొఫెసరుగారు నివేదికలో రాశారు. ‘ఐదు నిమిషాల్లో పని ముగించి ఐదు వందలు అడిగేవారు సమాజానికి భారం. ముప్పై ఒక్క గంటలు శ్రమించి గంటకి రెండు వందలతో తృప్తిపడేవారే ఆదర్శం.’ ఆ రెండు వాక్యాల కిందా అధ్యక్షులవారు ఎర్ర సిరాతో గీత గీశారు.

ఆ మధ్యాహ్నం అధ్యక్షులవారు హాల్లోకి వచ్చేసరికి ఇంటావిడ వాలుకుర్చీలో కాళ్ళు చాపుకుని నవల చదువుతోంది. ఎడమ చేతిలో గరిటె ఉంది.

“ఇదేమిటి? ఇవాళ వంట లేదా?”

“పనిలోనే ఉన్నానండీ,” అని గరిటె కొంచెం ఎత్తి చూపించి, పేజీ తిప్పింది.

పక్క కుర్చీలో అత్తగారు రెండో గరిటె పట్టుకుని కునుకు తీస్తున్నారు.

నివేదికని ఆ ఇంట్లోనే, ఆ వంటింట్లోనే, ఆ కొళాయి తిప్పి విడుదల చెయ్యాలని మంత్రిగారు ముచ్చటపడ్డారు. విలేఖరులు కూడా వస్తారు. శుక్రవారం పదింటికి ముహూర్తం. కొళాయిలో నీళ్ళు రావన్న సంగతి ఆయనకి చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. “అప్పటికి వస్తాయి,” అన్నారు అధ్యక్షులవారు. “లెక్క ప్రకారం వచ్చి తీరాలి.”

శుక్రవారం ఎనిమిదింటికి ఆయన మంత్రిగారికి ఎదురెళ్ళారు. ఎనిమిదీ ఐదుకి ఇంటావిడ చెప్పులేసుకుని చెవుల మేస్త్రి ఇంటికెళ్ళింది. ఎనిమిదిన్నరకి ఇద్దరూ వచ్చారు.

మేస్త్రి గోడ లేని వంటింటిని చూశాడు. తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

“వినడానికెంతండీ?” అని అడిగింది ఆవిడ.

“ఐదు వందలమ్మగారూ.”

“మరి తిప్పడానికి?”

“దానికెందుకండీ, చేతులు ఊరికే ఉంటే ఏం చేస్తాయి?”

ఆవిడ ముందే డబ్బిచ్చి, పెరట్లో వాల్వు తిప్పి వచ్చింది. మేస్త్రి మళ్ళీ మొదట్నుంచీ వెతకలేదు. నేరుగా హాల్లోకెళ్ళి, సోఫా జరిపి, అధ్యక్షులవారికి ‘అత్యుత్తమ నిర్ణయ సామర్థ్యం’ కింద ఆఫీసువాళ్ళిచ్చిన ప్రశంసాపత్రం ఫ్రేముని గోడ మీంచి దించాడు. దాని వెనక గ్లాసు పెట్టి, ఒక్క క్షణం చెవి ఆనించాడు. సంఘం పదిహేడు సమావేశాలూ ఆ ఫ్రేము కిందే జరిగాయి.

“ఇక్కడే ఉందండీ. ఎక్కడికీ పోలేదు. పైపు పొడుగునా పాక్కుంటూ పోయి వంటింట్లో తేలుతోంది, అంతే.”

అరచేయంత మేర గచ్చు ఊడగొట్టాడు. కీలు దగ్గర బిగించాడు. సిమెంటు మెత్తి, తడి ఆరకుండానే పైన ఫ్రేము తగిలించేశాడు. వంటింట్లో కొళాయి ఒకసారి దగ్గి, గాలి వదిలి, ధారగా నీళ్ళు పోసింది. ఇంటావిడ కాసేపు చెయ్యి దాని కింద పెట్టుకుని అలాగే నిలబడింది. నెల్లాళ్ళయింది మరి.

పదింటికి మంత్రిగారు వచ్చారు. పడిపోయిన గోడ మీంచి లాఘవంగా దాటి, కెమెరాల వైపు తిరిగి, కొళాయి తిప్పారు. నీళ్ళు దూకాయి. చప్పట్లు మోగాయి. ప్రొఫెసరుగారి కళ్ళు చెమర్చాయి. అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయింది గుర్తింపు ప్లంబరే. ఆశ్చర్యంలో కూడా పానా వదల్లేదు. ఫోటోలో అది స్పష్టంగా పడింది.

“ఎలా సాధించారు?” అని అడిగింది ఒక విలేఖరి.

“శాస్త్రీయ దృక్పథం,” అన్నారు అధ్యక్షులవారు.

ఆయన ఇంటావిడ వైపు చూశారు. ఇరవై ఆరేళ్ళుగా ఎలా చూస్తున్నారో అలాగే చూశారు. ఆవిడ టీలు అందించింది.

మంత్రిగారు టీ తాగి, గుర్తింపు ప్లంబరు భుజం మీద చెయ్యి వేశారు. “ఇలాంటివాడి కోసమేనయ్యా వెతుకుతున్నాను. మా ఇంట్లో ఇంకో పైపు వారం నుంచి కారుతోంది. పద, నా కార్లోనే పోదాం. ఈ విలేఖరులు కూడా వచ్చి చూస్తారు.”

ప్లంబరు మొహం పాలిపోయింది. కాంట్రాక్టరుగారికి హఠాత్తుగా వేరే పని గుర్తొచ్చింది.

సాయంత్రం ఐదింటికి ఇంట్లో ఫోను మోగింది. మంత్రిగారి గొంతు గది అవతలికి కూడా వినబడింది.

“ఏమయ్యా అధ్యక్షా! హాల్లో మూడు గోడలు పోయాయి. నాలుగో దాని మీద నా ఫోటో ఉంది!”

“సార్, పనిముట్టు చేతిలోనే ఉందా సార్?”

“ఉంది! అదే నా బాధ! మీ ఇంట్లో బాగు చేసింది తను కాదని వీడే ఒప్పుకున్నాడు. పొద్దున్న అక్కడ బాగు చేసినవాణ్ణి పంపు. ఆరింటిలోగా రాకపోతే సంఘం రద్దు. నువ్వు గోదాముల శాఖకి.”

ఫోను పెట్టేసి అధ్యక్షులవారు హాల్లో అటూ ఇటూ తిరిగారు. తిరుగుతూ తిరుగుతూ, కొంచెం వంకరగా వేలాడుతున్న తన ప్రశంసాపత్రాన్ని అలవాటుగా సరిచెయ్యబోయారు. వేళ్ళకి తడి సిమెంటు అంటుకుంది.

వేళ్ళు చూసుకున్నారు. ఫ్రేము ఎత్తి వెనక చూశారు. తరవాత ఇంటావిడ వైపు చూశారు.

“ఎవరు?”

“మీరనుకుంటున్నవాడే.”

“నాకెందుకు చెప్పలేదు?”

“మీరు వినడానికి రేటు పెట్టలేదు కదండీ.”

అత్తగారు కళ్ళజోడు తుడుచుకుంటూ, “వెళ్ళిరా నాయనా. గోదాముల్లో ఎలకలుంటాయి,” అన్నారు.

భార్యాభర్తలిద్దరూ వెళ్ళారు. చెవుల మేస్త్రి ఇల్లు రెండు వీధుల అవతల. అరుగు మీద కూర్చుని గ్లాసు తోముకుంటున్నాడు. అధ్యక్షులవార్ని చూసి లేచి నిలబడ్డాడు. కుర్చీ వేశాడు. ఆయన కూర్చోలేదు.

“మేస్త్రీ, మంత్రిగారింటికి వెంటనే రావాలి.”

“వినాలాండీ, తిప్పాలాండీ?”

“రెండూను.”

“వినడం పని కాదన్నారుగా సార్. నిర్వచనం కూడా పేపర్లో వేశారు. మా ఆవిడ చదివి వినిపించింది.”

అధ్యక్షులవారు గొంతు సవరించుకున్నారు. “ఆ నిర్వచనంలో కొంత సవరణకి అవకాశం ఉన్నట్టు సంఘం గుర్తించింది.”

మేస్త్రి తల ఒక పక్కకి వాల్చి, కళ్ళు మూసుకున్నాడు.

“ఇక్కడ కాదండీ.”

“అంటే... ప్రొఫెసరుగారి జాబితాలో గ్లాసుని తప్పుగా చేర్చారు.”

“ఇక్కడా కాదు.”

“కాంట్రాక్టరు పంపిన మనిషి సరైనవాడు కాదు. పరిస్థితుల ప్రభావం వల్ల...”

“ఇంకొంచెం పక్కకి రండి సార్.”

ఐదున్నరయింది. అధ్యక్షులవారు ఇంటావిడ వైపు చూశారు. ఆవిడ వీధి చివర ఏదో చాలా ముఖ్యమైనది ఉన్నట్టు అటే చూస్తోంది. ఊపిరి మాత్రం బిగబట్టింది.

“తప్పు నాదే,” అన్నారాయన.

మేస్త్రి కళ్ళు తెరిచాడు. గ్లాసు తుడిచి సంచిలో వేసుకున్నాడు.

“దొరికిందండీ,” అన్నాడు.